రహీమ్ గీయించుకున్న ఇల్లు

షేక్ రహీమ్ సౌదీలోని దమ్మామ్ నుంచి పూర్తిగా వచ్చేసిన వారం రోజులకు మా ఇంటికి వచ్చాడు. మెట్‌పల్లిలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఉన్నవి నాలుగిళ్లే. అయినా ఇరవై నాలుగేళ్లలో ఆయన మా ఇంట్లోకి వచ్చింది ఏ అయిదారుసార్లో. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చినప్పుడు ఒక ఖర్జూరాల డబ్బా తెచ్చి, నిలబడే రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయేవాడు. ఆయన భార్య మక్సూదా మాత్రం మాకు ఇంటి మనిషే. నేను బడికి కట్టుకుపోయిన చీరలన్నిటికీ జాకెట్లు కుట్టింది ఆమే.

ఆ రోజు రహీమ్ కుర్చీలో కుదురుగా కూర్చున్నాడు. పెట్టిన చాయ్ తాగాడు. అప్పుడు చెప్పాడు.

"టీచరమ్మా, మీ దగ్గర సదువుకున్న పిల్ల ఎవలో కరీంనగర్ల ఆర్కిటెక్ట్ ఆఫీసు పెట్టిందట గద. మా ఇల్లు ఆమెతోని గీయించుకుందామనుకుంటున్న."

నాకు ఆశ్చర్యమేసింది. వాళ్లది నూటపది గజాల జాగా. మా ఊళ్లో అంత జాగాలో ఇల్లు కట్టాలంటే మేస్త్రిని పిలుస్తారు. అతను వచ్చి అటూ ఇటూ నడిచి, ఇక్కడ హాలు, ఇక్కడ బెడ్‌రూమ్ అని చెప్పి ముగ్గు పోస్తాడు. ఆర్కిటెక్టును పెట్టుకున్న మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

"సదానందం మేస్త్రి ఉన్నాడు కదా?" అన్నాను.

"ఉన్నడు. కట్టుడు ఆయనే కడ్తడు, మంచి పనోడు. కని గీసుడు వేరు గద టీచరమ్మా." కాసేపు తన చేతులు చూసుకున్నాడు. ఎడమచేతి బొటనవేలి గోరు సుత్తి దెబ్బకు ఎప్పుడో పోయి, వంకరగా మొలిచింది. "నాది సెంట్రింగ్ పని. పొద్దుగాల సైటుకు పోంగనే ఫోర్‌మన్ డ్రాయింగు పరుస్తడు. దాని ప్రకారం చెక్కలు కొట్టుడే నా పని. గీసింది ఎవలో, ఎవలి కోసం గీసిన్రో మాకు తెల్వది. ఒకపారి ఒక విల్లా కడ్తున్నం. మెట్ల కింద మూడడుగుల తలుపు గీసి ఉన్నది. గింత తలుపులకెల్లి ఎవలు పోతరని ఫోర్‌మన్‌ను అడిగిన. ఆ ఇంటాయన చిన్న బిడ్డ ఆడుకునేటందుకట. అంటె ఎవలో ఆయన్ను కూసోవెట్టి అడిగిన్రన్నట్టు, నీ బిడ్డ ఏడ ఆడుకుంటదని. నన్ను గూడ ఒక్కపారి ఎవలన్న అట్ల అడగాలని ఉన్నది."

అదే రోజు ప్రవళికకు ఫోన్ చేశాను.

ప్రవళిక ఆటో నడిపే పరశురాములు కూతురు. ఎనిమిదో తరగతిలో మా బడి పటం గీసి, మరుగుదొడ్డి తలుపు బడి గేటుకు ఎదురుగా ఎందుకు పెట్టారని నన్ను అడిగిన పిల్ల. హైదరాబాదులో చదువుకుని, కొన్నేళ్లు అక్కడే పనిచేసి, కరీంనగర్‌లో సొంతంగా ఒక గది తీసుకుని ఆఫీసు పెట్టి అప్పటికి ఏడాది.

ఆదివారం ఆమె వచ్చింది. నేనే వెంటబెట్టుకుని రహీమ్ ఇంటికి తీసుకుపోయాను. పెంకులు పగిలిన రెండు గదుల ఇల్లు. ముందు గదిలో తలుపుకు ఎదురుగా మక్సూదా కుట్టు మిషన్. ఆ గదిలోనే ఒక్కతే ఉండి కూతురు యుమ్నాను పెంచి, చదివించి, కిందటేడు నిజామాబాదు ఇచ్చి పెళ్లి చేసింది. రహీమ్ మొదటిసారి విమానమెక్కిన రోజుకు యుమ్నా ఇంకా కడుపులోనే ఉంది.

రహీమ్ ముందే సిద్ధంగా ఉన్నాడు. ఫోన్లో ఒక ఫొటో తీసి చూపించాడు. కోరుట్లలో ఆయన చిన్నాయన కొడుకు షోయబ్ కట్టుకున్న ఇల్లు. రెండంతస్తులు, ముందు నాలుగు ఆర్చీలు, బంగారు రంగు గేటు. ప్రవళిక ఫొటో శ్రద్ధగానే చూసింది. బాగుందంది. తర్వాత నోటుబుక్కు తెరిచింది.

"చాచా, పొద్దున ఎన్నింటికి లేస్తరు?"

"నాలుగుకు. సైటు బస్సు నాలుగున్నరకు వస్తుండె."

"ఇప్పుడు బస్సు లేదు గద."

"లేదు. కని మెలకువ వస్తది."

"లేచి ఏడ కూసుంటరు?"

రహీమ్ ఆలోచించాడు. "మంచం మీదనే. ఇంకెటు పోవాల్నో తెల్వది."

"చాచీ ఏం చేస్తరు అప్పుడు?"

దానికీ ఆయనే చెప్పాడు. "ఫజర్ నమాజుకు లేస్తది. ఇగ అప్పటికెల్లి వంట పని."

చాయ్ కప్పులు పట్టుకుని లోపలి నుంచి వస్తున్న మక్సూదా ఆగింది. "నమాజు చేసి నేను మళ్ల పండుకుంట. వంట తొమ్మిదికి."

రహీమ్ ఆమె వైపు చూశాడు. ప్రవళిక రాసుకుంది.

"మిషన్ ఏడ పెట్టుకుందాం?"

"మిషన్ ఇగ ఎందుకు?" అన్నాడు రహీమ్. "నేను వచ్చిన గద. కుట్టుడు బంద్ చేస్తది."

"బంద్ చేస్తనని ఎవలు చెప్పిన్రు?" మక్సూదా గొంతు పెంచలేదు. కప్పులు ఒక్కొక్కటే అందించింది.

ఇంకా చాలా అడిగింది ప్రవళిక. ఒకరి గురించి ఒకరు చెప్పినవాటిలో సగం తప్పయ్యాయి. ఆయనకు మటన్ లేనిదే ముద్ద దిగదంది మక్సూదా. నాలుగేళ్ల కింద బీపీ వచ్చినప్పటి నుంచి మటన్ ముట్టడం లేదన్నాడు రహీమ్. ఆ బీపీ సంగతి మక్సూదా వినడం అదే మొదటిసారి. "ఫోన్ల చెప్పలే," అంది. "చెప్తె నువ్వు పరేషాన్ అయితవని," అన్నాడు. పెళ్లయి ఇరవై ఆరేళ్లు. కలిసి ఉన్న రోజులన్నీ కూడితే నాలుగేళ్లు మించి ఉండవని నాకు అప్పుడే తట్టింది.

ప్రవళిక నోటుబుక్కు మూసింది.

"చాచా, నేను ఇప్పుడే గీయలేను. ఎట్లయిన ఈ ఇల్లు కూలగొట్టాలె గద. మీరిద్దరు ఏడన్న కిరాయికి ఉండుండ్రి. బక్రీదు పండుగ అయినంక నేను మళ్లొస్త. అప్పుడు ఇవే అడుగుత. అప్పుడు గీస్త."

రహీమ్ ముఖం చిన్నబోయింది. ఆమెను బస్సెక్కించి వచ్చాక నాతో అన్నాడు. "ఇల్లు గీయుమన్న టీచరమ్మా. మా కాపురం సంగతి అడుగుమన్ననా?"

వారం తిరగకముందే బస్టాండ్ దగ్గర ప్లాన్లు గీసిచ్చే ఒకాయన దగ్గరికి పోయి ఒక్కరోజులో ప్లాన్ తెచ్చుకున్నాడు. నాకు చూపించడానికి వచ్చి, మా బల్ల మీద కాగితం పరిచి, నాలుగు మూలలా నాలుగు పుస్తకాలు పెట్టాడు. డ్రాయింగు చదవడం తెలిసిన మనిషి. ముందు తలుపు దగ్గర వేలు పెట్టి, లోపలికి నడిపించాడు. హాలు, అక్కడి నుంచి బెడ్‌రూమ్, మళ్లీ వెనక్కి వచ్చి వంటిల్లు. అందులో తప్పేమీ లేదు. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

వేలు వంటింటి తలుపు దగ్గర ఆగిపోయింది.

"గిది ఎవలి ఇల్లయిన కావచ్చు," అన్నాడు. కాగితం చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. "టీచరమ్మా, మీ పై పోర్షన్ ఖాళీగనే ఉన్నది గద?"

అట్లా వాళ్లు మా మేడ మీదికి వచ్చారు.

మొదటి నెల కష్టంగానే గడిచింది. మెట్ల మీద ఎదురైతే ఒకరికొకరు దారి ఇచ్చుకునేవాళ్లు, ఎవరింటికో చుట్టాలుగా వచ్చినట్టు. వచ్చిన వారానికి ఒక పొద్దున మక్సూదా దిగి వచ్చి నా వంటింట్లో పీట వాల్చుకుని కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పాత దుప్పటి ఒకటి తెచ్చుకున్నడు అక్కడికెల్లి. పండుకునేటప్పుడు తన మంచం సుట్టు కట్టుకుంటుండు టీచరమ్మా. నా మొఖం సూడబుద్ధి అయితలేదో ఏమో."

"నువ్వే అడుగు," అన్నాను. "నన్నడిగితే నాకేం తెలుస్తుంది?"

అడగడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. ఆయన ఏం చెప్పాడో తర్వాత నాకు చెప్పింది. అక్కడ ఒక గదిలో ఎనిమిది మంది. మంచం మీద మంచం. ప్రతివాడూ తన మంచం చుట్టూ దుప్పటి కట్టుకుంటాడు. ఆ దుప్పటి లోపలే వాడి ఇల్లు. యుమ్నా పుట్టిందన్న ఉత్తరం చదువుకున్నది అందులోనే. తండ్రి పోయాడని తెలిసి ఏడ్చింది అందులోనే. మక్సూదాతో ఇన్నేళ్లు ఫోన్లో మాట్లాడింది కూడా అందులో కూర్చునే. "అది లేకపోతె అందరు నన్ను సూస్తున్నట్టు అనిపిస్తది, నిద్ర పడ్తలేదు" అన్నాడట.

మర్నాడు ఆమె బజారుకు పోయి లేతపచ్చ మీద తెల్లపూల గుడ్డ తెచ్చింది. రెండు రోజులు కూర్చుని పరదా కుట్టింది. ఇత్తడి రింగులు వేసింది. ఎన్ని గజాలు పట్టిందని అడిగితే, తల ఎత్తకుండానే చెప్పింది.

"పద్నాలుగు. రెండు మంచాలు కలిపి వేసినం గద టీచరమ్మా, రెండింటి సుట్టు రావాలె."

తర్వాత ఒక శుక్రవారం మక్సూదా కోరుట్లలో ఏదో పెళ్లికి పోయింది. మధ్యాహ్నానికి మేడ మీది నుంచి చేపల కూర వాసన కమ్ముకుంటూ వచ్చింది. కాసేపటికి రహీమ్ గిన్నె పట్టుకుని మెట్లు దిగాడు. మాకు ఇచ్చాడు, పక్కింటికి ఇచ్చాడు, ఎదురింటికి ఇచ్చాడు. సాయంత్రం మక్సూదా వచ్చేసరికి వీధి వీధంతా ఆ కూర రుచి గురించి చెప్పుకుంటోంది. ఆమె ఎవరినీ నమ్మలేదు.

"నీకు వంట ఎవలు నేర్పిన్రు?"

"శుక్రవారం సెలవు. రూముల నా వంతు," అన్నాడు రహీమ్, తప్పు చేసినవాడిలా. "ఇద్దరికి వండుడు నాకు రాదు. ఎనిమిది మందికే వచ్చు."

మక్సూదా నవ్వడం మా ఇంట్లోకి వినపడింది. ఆ తర్వాత ఇద్దరికి సరిపడా వండడం ఆమే నేర్పింది. ఉప్పు దగ్గర వాదించుకునేవాళ్లు. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ నిలబడితే మోచేతులు తగులుతున్నాయని, మా వంటింటి మీద నాకే ఫిర్యాదు చేశారు.

బక్రీదు అయిన మరుసటి వారం ప్రవళిక వచ్చింది. మేడ మెట్ల మీద కూర్చుని పాత ప్రశ్నలే అడిగింది. ఈసారి ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తిచేశారు. నాలుగింటికి లేచి పిట్టగోడ దగ్గర కూర్చుంటున్నానని రహీమ్ చెప్తే, చలికాలం అక్కడ మంచు పడుతుంది, పైన ఏదైనా కప్పు ఉండాలని మక్సూదా అంది. మిషన్ ఎక్కడన్న ప్రశ్న దగ్గర రహీమ్ మక్సూదా వైపు తిరిగాడు. ఆమెనే చెప్పమన్నట్టు చూశాడు.

"వెనుక దిక్కు," అంది మక్సూదా.

"వెనుకకా? కుట్టిచ్చుకునేటోళ్లు ముందుకెల్లి వస్తరు గద చాచీ. ముందుగది మంచిగుంటది."

"వచ్చెటోళ్లు లోపటికి వస్తరు, నడుస్తరు. బిడ్డా, ఇరవై నాలుగేండ్లు తలుపు దిక్కు మొఖం పెట్టి కూసున్న. ఆడపిల్లను పెట్టుకుని ఒక్కదాన్ని. ఎవలు వస్తున్నరు, ఎవలు పోతున్నరు, సూది మీద ఒక కన్ను, తలుపు మీద ఒక కన్ను. ఇప్పుడు తలుపు సూసెటందుకు ఆయన ఉన్నడు. నేను తలుపుకు వీపు పెట్టి కూసుంట."

ప్రవళిక చాలాసేపు రాస్తూనే ఉండిపోయింది. ఆ నాలుగు మాటలకు అంత రాత ఎందుకో నాకు అర్థమైంది. తల ఎత్తితే తడిసిన కళ్లు కనబడతాయని.

రహీమ్ గొంతు సవరించుకున్నాడు. "ఆర్చి మాత్రం ఒకటి ఉండాలె బేటా," అన్నాడు. "ఒక్కటే."

మూడు వారాల తర్వాత, పాత ఇల్లు తీసేసి చదును చేసిన జాగాలో ప్రవళిక మేస్త్రి సదానందాన్ని పక్కన పెట్టుకుని, దారాలు లాగించి, నేల మీద పూర్తి కొలతలతో ముగ్గు పోయించింది. గోడలున్నచోట రెండు గీతలు, తలుపులున్నచోట ఖాళీ. నమాజులో ముఖం పెట్టే కాబా పడమటి దిక్కు, అటు తిరిగి కూర్చోకూడదు కాబట్టి మరుగుదొడ్డిలో కూర్చునే వైపు ఉత్తర దక్షిణాలకు తిప్పానని రహీమ్‌కు చూపించింది. ఆయన చెప్పకముందే ఆమె కనుక్కుని వచ్చింది.

సదానందం మాత్రం వంటింటి దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "గిదేందమ్మా, హాలు కన్న వంటిల్లు పెద్దగున్నది. నలుగురు వస్తె ఏడ కూసుంటరు?"

"వంటింట్లనే కూసుంటరు," అన్నాడు రహీమ్.

ప్రవళిక వాళ్లిద్దరినీ లోపలికి నడవమంది. పొద్దున లేచి ఏం చేస్తారో అది చేసి చూపించమంది. రహీమ్ మొహమాటపడ్డాడు. వీధిలో జనం చూస్తున్నారు. మక్సూదా చెప్పులు బయట విడిచి, తలుపున్నచోటు నుంచి లోపలికి వెళ్లింది. ఆమె వెనుక ఆయన. పరదా వచ్చే చోటు నుంచి లేచినట్టు లేచి, కప్పు వేసే చిన్న అరుగు చోటు దాకా నడిచి కూర్చున్నాడు. నిజంగానే మట్టిలో కూర్చున్నాడు. ఆమె వంటింట్లోకి పోయి, పొయ్యి ఉండే చోట నిలబడి, అక్కడి నుంచి ఆయన కనబడుతున్నాడా అని వంగి చూసింది. కనబడుతున్నాడు. తర్వాత వెనుక గదిలో మిషన్ చోటుకు పోయింది. పెరట్లోని జామచెట్టు వైపు ముఖం పెట్టి, మాకందరికీ వీపు పెట్టి అట్లాగే నిలబడింది. ఎంతసేపటికీ తిరగలేదు. ఎవరూ పిలవలేదు.

అప్పుడు ప్రవళిక డ్రాయింగు కాగితం రహీమ్ చేతికి ఇచ్చింది. ఆయన అలవాటుగా ముందు కొలతలు చూశాడు, తర్వాత గోడల మందం చూశాడు. కింద కుడిమూల చిన్న గడిలో పేర్లు రాసే చోటికి వచ్చాడు. అక్కడ ఇంటివారు అన్నచోట షేక్ రహీమ్, మక్సూదా బేగం అని ఉంది. ఎన్ని వేల కాగితాల మీద ఆ గడి చూసి ఉంటాడో ఆయన. దాని మీద బొటనవేలు పెట్టి రుద్దాడు, తడి ఆరిందో లేదో చూస్తున్నట్టు. కాగితం మక్సూదాకు ఇచ్చాడు. ఆమెకు తెలుగు చదవడం కొంచెం వచ్చు. కూడబలుక్కుని చదివి, "నా పేరు గూడ ఉన్నది," అంది.

ఇల్లు వర్షాలు తగ్గాక మొదలైంది. కప్పు వేసే ముందు సెంట్రింగుకు వచ్చిన వాళ్లను రహీమ్ పక్కన నిలబెట్టి, తన పాత సుత్తి తెచ్చుకుని, ముందు గుమ్మం మీది ఆర్చికి చెక్కలు తానే వంచి కొట్టాడు. రెండు రోజులు పట్టింది. ఒక మేకు కూడా వంకర పోలేదని సదానందం ఇప్పటికీ చెప్తాడు. మరుసటి ఎండకాలం వాళ్లు కొత్త ఇంట్లోకి వెళ్లారు. యుమ్నా భర్తతో వచ్చి పది రోజులుండి పోయింది.

మొన్న ఒక సాయంత్రం మక్సూదా మా ఇంటికి వచ్చి పీట మీద కూర్చుంది. ముఖం గంటు పెట్టుకుని ఉంది. ఏమైందన్నాను.

"కొట్లాడినం టీచరమ్మా. మిద్దె మీద పావురాలకు గూడు పెడ్తడట. గలీజు చేస్తయి, వద్దంటె ఇంటలేడు. నేను గట్టిగనే అన్న. ఆయన గూడ అన్నడు."

నాకు బాధేసింది. సర్దిచెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మొదలు మేం కొట్లాడకపోతుంటిమి, ఎరుకేనా? ఫోన్ల ఏమన్న ఒక మాట జారితె, మళ్ల ఫోన్ వచ్చెదాక వారం దినాలు పానం కొట్టుకునేది. అన్నం సయించకపోయేది. అందుకే ఏదున్న దిగమింగుడే. ఆయన గూడ అంతే." కొంగు సర్దుకుంది. "ఇప్పుడు మాట అంటె అన్నం, పడితె పడ్డం. యాడికి పోతడు, ఇంట్లనే ఉంటడు."

చాయ్ పెడతానంటే వద్దంది. ఇంకాసేపు కూర్చుని, పావురాలు ఎంత మురికి చేస్తాయో మళ్లీ మొదటినుంచి చెప్పింది. గోడ గడియారం చూసి లేచింది.

"పోత టీచరమ్మా. ఆయన అన్నం ముందట పెట్టుకుని కూసుంటడు, నేను రానిది తినడు."